సెస్నా 172 రివ్యూ: ఇంజిన్ ఆగితే ఈ విమానం ఏపాటిది?

సెస్నా 172 గురించి రాసేవాళ్లు సాధారణంగా జీ1000 స్క్రీన్ల (కాక్‌పిట్ డిజిటల్ ప్యానెల్) దగ్గర మొదలుపెట్టి సీట్ల తోలు దగ్గర ఆపుతారు. ఒకే ఇంజిన్ ఉన్న విమానాన్ని తూచాల్సిన తక్కెడ అది కాదు. ఆ ఒక్క ఇంజిన్ గాల్లో ఆగితే లోపలివాళ్లు నడిచి బయటికి వస్తారా లేదా అన్నదే తూకం. 1956 నుంచి అమ్ముడవుతూ, మధ్యలో పదేళ్లు తయారీ ఆగినా, 44 వేలకు పైగా తయారైన విమానం ఇది. పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లే తెలుగు పిల్లల్లో చాలామందికి, ఇక్కడి ఫ్లయింగ్ క్లబ్బులోనైనా అమెరికా స్కూల్లోనైనా, లాగ్‌బుక్‌లో మొదటి గంటలు పడేది దీని మీదో దీని తమ్ముడు 152 మీదో. అందుకే ఈ రివ్యూ అంతా ఇంజిన్ ఆపేసి చూసిందే.

ముందే చెప్పేస్తా. పొలంలో దిగాల్సి వస్తే నాలుగు సీట్ల విమానాల్లో దీన్ని మించినవి తక్కువ. ఇంజిన్ ఆగే కారణాలు మాత్రం ఏ మోడల్ కొన్నారు, ఏ మోడల్ అద్దెకు తీసుకున్నారు అన్నదాన్ని బట్టి బాగా మారిపోతాయి. ఒక్క విషయంలో, అంటే టేకాఫ్ అయిన మొదటి నిమిషంలో, ఈ విమానానికి పెద్దగా మార్కులు వేయలేను.

దీని అసలు బలం నెమ్మదితనం. 172ఎస్ (ఇప్పటి మోడల్) ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక దించే పలకలు, మొత్తం దించి ఉంటే అసలు వేగం 48 నాట్లకు (మీటర్ మీద 40) పడితే గానీ స్టాల్ అవదు, అంటే రెక్కలు విమానాన్ని మోయడం మానవు. అదే తరగతిలో వేగానికి పేరున్న సిరస్ ఎస్ఆర్22 అయితే సుమారు 60 నాట్లు. తేడా 12 నాట్లే కదా అనిపిస్తుంది. కానీ నేలను తాకేటప్పుడు లెక్కలోకి వచ్చేది వేగం వర్గం, అంటే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి. మనిషి బెల్టులో తట్టుకోగల 9 జీ (ఒంటి బరువుకు తొమ్మిది రెట్ల ఒత్తిడి) చొప్పున ఆపాలంటే 48 నాట్ల వేగానికి సుమారు 11 అడుగుల దూరం చాలు, 60 నాట్లకు దాదాపు 18 అడుగులు కావాలి. కంచె, పొద, మెత్తటి మట్టి, నలిగిపోయే రెక్క అన్నీ కలిసి 11 అడుగులు ఇవ్వగలవు. ఎదురుగాలి పది నాట్లు ఉంటే అది ఇంకా మూడో వంతుకు పైగా తగ్గుతుంది. మంచి రన్‌వే మీద 172ఎస్ నేల పరుగు 575 అడుగులే అని మాన్యువల్ చెబుతుంది. ఒక మోస్తరు చెలక సరిపోతుందన్నమాట.

ఇక మోడల్స్. ఎన్ (1977-80), పి (1981-86) కార్బురేటర్ (గాలిలో ఇంధనం కలిపే పాత పద్ధతి) విమానాలు, రెండూ 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320. 1996లో తయారీ మళ్లీ మొదలయ్యాక వచ్చిన ఆర్, 1998 నుంచి వస్తున్న ఎస్ రెండింటిలోనూ ఐఓ-360-ఎల్2ఏ, ఫ్యూయల్ ఇంజెక్షన్. ఆర్‌లో దాన్ని 2400 ఆర్‌పీఎంకి కట్టేసి 160 హార్స్‌పవర్, ఎస్‌లో 2700 దాకా వదిలి 180.

పాత ఎన్, పి మోడల్స్‌లో ఇంధనం పై రెక్క నుంచి తన బరువుతోనే దిగుతుంది, కరెంటు పంపు గొడవే లేదు. చెడిపోయే భాగాలు తక్కువ. దానికి బదులు కార్బురేటర్ ఐస్ అనే జబ్బు ఉంది. మంచు దేశాల గొడవ మనకెందుకు అనుకోవద్దు. వెంచురీలో (కార్బురేటర్ ఇరుకు గొంతులో) గాలి సాగి ఇంధనం ఆవిరయ్యేచోట ఉష్ణోగ్రత దబ్బున పడుతుంది కాబట్టి బయట 38 డిగ్రీలున్నా, తేమ 50 శాతమే ఉన్నా ఐస్ కట్టగలదు. థ్రాటిల్ తగ్గించి దిగుతున్నప్పుడే ప్రమాదం ఎక్కువ. ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్ (రెక్కల కోణం మారనిది) కాబట్టి మొదటి లక్షణం ఆర్‌పీఎం మెల్లగా జారడం, తర్వాత ఇంజిన్ గరగరమనడం. కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ పూర్తిగా లాగాలి, సగం సగం కాదు. లాగగానే ఆర్‌పీఎం ఇంకా పడుతుంది, కరిగిన నీళ్లు లోపలికి పోయి ఇంజిన్ దగ్గుతుంది. చాలామంది అక్కడ బెదిరి నాబ్ మళ్లీ లోపలికి తోసేస్తారు. అదే తప్పు. కాసేపు ఓపిక పడితే ఆర్‌పీఎం తిరిగి లేస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక లాగితే ఇవ్వడానికి వేడే ఉండదు, అందుకే అనుమానం వచ్చిన క్షణమే లాగాలి.

ఎన్ మోడల్‌కి ప్రత్యేకంగా రెండు మైనస్‌లు. దాని ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్, ట్యాపెట్లు అరిగిపోవడం పాత కథ. అందుకే ఆయిల్‌లో ఎల్‌డబ్ల్యూ-16702 అనే లైకమింగ్ అడిటివ్ పోయాలని ఏడీ (భద్రత కోసం ప్రభుత్వం ఇచ్చే తప్పనిసరి ఆదేశం) కూడా వచ్చింది. వారాల తరబడి హ్యాంగర్‌లో పడుకున్న ఎన్ మోడల్ కంటే రోజూ ఎగిరే ఎన్ మోడల్ మేలు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కోసి ఇనుప రజను కోసం చూశారా అని లాగ్‌బుక్‌లో వెతకండి. రెండోది, పేరు చివర ఉన్న ఆ డీ. ప్లగ్‌లకు నిప్పురవ్వ ఇచ్చే రెండు మ్యాగ్నెటోలు ఒకే డ్రైవ్ మీద తిరుగుతాయి. పేరుకు రెండు, గేరు మాత్రం ఒకటే. పి మోడల్‌కి వచ్చేసరికి డీ2జే ఇంజిన్ పెట్టి దీన్ని సరిచేశారు. ఎన్, పి రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను రెండో ఆలోచన లేకుండా పి అంటాను.

స్టార్ట్ చేసేముందు ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ప్రైమర్ నాబ్ సంగతి చిన్నదే గానీ చాలామందిని ముంచింది. స్టార్ట్ చేశాక అది లోపలికి తోసి తిప్పి లాక్ చేయకపోతే ఇంజిన్ తనంతట తానే ఇంధనం పీల్చుకుంటుంది, రిచ్ అయిపోయి (ఇంధనం పాలు ఎక్కువై) గరగరమంటుంది. పాత మోడల్ రీస్టార్ట్ చెక్‌లిస్ట్‌లో "ప్రైమర్ ఇన్ అండ్ లాక్డ్" అని ఉండేది అందుకే.

ఇంజెక్షన్ మోడల్స్‌లో కార్బ్ ఐస్ లేదు. బదులుగా ఇంజిన్ నడిపే పంపు మీద ఆధారం. అది పోతే ఫ్యూయల్ ఫ్లో సున్నాకి పడుతుంది, ఆగ్జిలరీ (కరెంటుతో నడిచే అదనపు) పంపు స్విచ్ వేయగానే ఇంజిన్ లేస్తుంది. ఇది తెలిస్తే పది సెకన్ల పని, తెలియకపోతే పొలం. సన్నటి నాజిల్‌లో చెత్త ఇరుక్కుంటే ఒక సిలిండర్ మూగబోతుంది, నాలుగింటిలో మూడే పనిచేస్తాయి, విమానం మొత్తం వణుకుతుంది. ఇంకో తేడా: ఆర్, ఎస్‌లో ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే సెలెక్టర్‌తో పాటు విడిగా ఒక ఫ్యూయల్ షటాఫ్ నాబ్ ఉంటుంది, లాగితే కట్. పాతవాటిలో అలవాటైన చేయి దాన్ని మరిచిపోతుంది.

మోడల్ ఏదైనా, విమానం తప్పు లేకుండా ఇంజిన్ ఆగడానికి ముఖ్య కారణం ఇంధనమే. అయిపోవడం ఒకటి, ట్యాంకులో ఉండి ఇంజిన్‌కి అందకపోవడం ఇంకొకటి. వాలు నేల మీద నిలిపినప్పుడు ఒక ట్యాంకు నుంచి రెండోదానిలోకి పారకుండా సెలెక్టర్ లెఫ్ట్‌కో రైట్‌కో తిప్పుతారు, తిరిగి బోత్‌కి తేవడం మరిచిపోతారు. టేకాఫ్‌కి, ల్యాండింగ్‌కి బోత్ తప్పనిసరి. గేజ్‌లను నమ్మకండి. ఎస్‌లో మొత్తం 56 గ్యాలన్లు, వాడుకోగలిగేది 53. ఎంత ఉందో కర్ర ముంచి చూసుకోవాలి. ఎడమ రెక్క కింద, స్ట్రట్ (రెక్కను మోసే బద్దె) వెనకాల చిన్న వెంట్ గొట్టం ఉంటుంది. దానిలో కందిరీగ మట్టిగూడు పెడితే ట్యాంకులోకి గాలి పోదు, ఇంధనం దిగడం తగ్గిపోతుంది. మన ఎండాకాలం పార్కింగ్‌లో ఇది అతిశయోక్తి కాదు, రోజూ వేలితో తడిమి చూడాల్సిన చోటు.

ఆర్, ఎస్‌లో 13 డ్రెయిన్ పాయింట్లు (అడుగున చేరిన నీళ్లు, చెత్త కప్పులోకి తీసి చూసే చోట్లు) ఉన్నాయి: రెక్కకు ఐదు చొప్పున పది, కింద మూడు. పదమూడా అని విసుక్కునేవాళ్లున్నారు. నాకైతే ఇది ప్లస్. వానలో నానిన విమానం ట్యాంకు మూత రబ్బరు రింగు పగిలి ఉంటే నీళ్లు ఎక్కడో ఒక మూల దాక్కుంటాయి. ఒక కిటుకు: కప్పు నిండా నీళ్లే వస్తే అందులో గీత కనపడదు, శుభ్రంగా ఉంది కదా అనిపిస్తుంది. 100ఎల్ఎల్ (ఈ ఇంజిన్ వాడే ఏవ్‌గ్యాస్, అంటే విమాన పెట్రోల్) నీలంగా ఉండాలి. రంగు లేకపోతే నీళ్లు. లేత గడ్డి రంగులో జిడ్డుగా ఉండి, కాగితం మీద చుక్క వేస్తే మరక ఆరకుండా నిలిస్తే జెట్ ఇంధనం. దాంతో ఈ ఇంజిన్ టేకాఫ్ దాకా నడిచి అక్కడ చస్తుంది. (ఎన్నో ఏళ్లు దిగుమతి మీదే బతికిన ఏవ్‌గ్యాస్‌ను ఇండియన్ ఆయిల్ 2022లో వడోదర రిఫైనరీ నుంచి ఇక్కడే మొదలుపెట్టింది. రంగు చూసే అలవాటు మాత్రం ఎవరిదైనా ఒకటే.)

మ్యాగ్నెటో చెక్‌ను (ఒక్కోదాన్ని ఆపి ఆర్‌పీఎం ఎంత పడిందో చూడటం) తంతుగా చేయకండి. ఎస్‌లో 1800 ఆర్‌పీఎం దగ్గర ఒక్కోదానికి 150 కంటే ఎక్కువ పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు. ఎన్‌లో 1700 దగ్గర 125, తేడా అదే 50. ఎండలో ఫుల్ రిచ్‌తో ఇరవై నిమిషాలు ట్యాక్సీ చేస్తే కింది ప్లగ్‌లకు సీసం పట్టి డ్రాప్ ఎక్కువ వస్తుంది. నేల మీదే మిక్స్చర్ బాగా లీన్ చేసుకోవాలి (ఇంధనం పాలు తగ్గించాలి). పొద్దున్నే చల్లటి స్టార్ట్‌లో ఒక నిమిషం కుంటి, వేడెక్కాక బాగైపోయే ఇంజిన్‌ను కూడా వదలొద్దు. ఎగ్జాస్ట్ వాల్వ్ గైడ్‌లో బిగుసుకుంటోందని అర్థం. ఈ గైడ్ తనిఖీ వెయ్యి గంటలకోసారి చేయాలని లైకమింగ్ బులెటిన్ 388 చెబుతుంది.

గాల్లో ఆగింది. గ్లైడ్ వేగం (ఇంజిన్ లేకుండా ఎక్కువ దూరం జారేది) ఎస్‌కి 68 నాట్లు, ఎన్, పి, ఆర్‌కి 65. ముక్కు దించి ఆ వేగం పట్టుకోండి, అది నిలిచేలా ట్రిమ్ చేయండి. మిగతావన్నీ ఆ తర్వాతే. గాలి లేకపోతే వెయ్యి అడుగులకు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతుంది, అంటే దాదాపు 9కి 1. నేల మీద నుంచి 3,000 అడుగుల ఎత్తులో సుమారు నాలుగు నిమిషాల టైమ్, నాలుగున్నర మైళ్ల చుట్టుకొలత కాదు, వ్యాసార్ధం. ఆ నాలుగు నిమిషాల్లో మొదటి అర నిమిషం పొలానికి, తర్వాతి అర నిమిషం ఇంజిన్‌కి. ఎస్‌లో: షటాఫ్ లోపలికి, సెలెక్టర్ బోత్, ఆగ్జిలరీ పంపు ఆన్, మిక్స్చర్ రిచ్, మ్యాగ్నెటోలు బోత్. ప్రొపెల్లర్ గాలికి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి స్టార్టర్ అక్కర్లేదు, ఇంధనం అందితే తనే పట్టుకుంటుంది. ఎన్, పిలో పంపు బదులు కార్బ్ హీట్. మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీలోనే మేడే, లేకపోతే ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీ 121.5, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి గుర్తు పంపే పెట్టె) ఎమర్జెన్సీ కోడ్ 7700. వెయ్యి అడుగుల కింద ఇంజిన్‌తో కుస్తీ ఆపేయాలి. అప్పటి నుంచి ఇది గ్లైడర్.

ఇప్పుడు మార్కులు తెగ్గోసే చోటు. టేకాఫ్ తర్వాత ఇంజిన్ ఆగితే వెనక్కి తిరిగి రన్‌వేకి రావచ్చా? సముద్రమట్టంలో, చల్లటి రోజున ఎస్ నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది, 74 నాట్ల మీద. అంటే పది అడుగులు ముందుకు వెళ్తే ఒక అడుగు పైకి. జారేటప్పుడు తొమ్మిది అడుగులకే ఒక అడుగు కిందకి. ఎక్కిన దారి కంటే దిగే దారి నిటారు, ఆ లోటు రన్‌వే పొడవుతో పూడాలి. ఇప్పుడు బేగంపేట తీసుకోండి. ఎత్తు సుమారు 1,740 అడుగులు. మే నెలలో 40 డిగ్రీలుంటే విమానానికి అది 5,000 అడుగులు దాటిన గాలిలా అనిపిస్తుంది. ఎక్కుడు నిమిషానికి 500 అనుకుంటే పదహారుకి ఒకటి. 700 అడుగులు ఎక్కేసరికి గాలిలోనే 11,200 అడుగులు వచ్చేశారు, జారి వెనక్కి పోగలిగేది 6,300. ఇందులో ఇంకా మలుపు లేదు.

మలుపు ఖరీదు చూద్దాం. 180 డిగ్రీలు తిరిగితే రన్‌వేకి పక్కన పడతారు. లైన్‌లోకి రావాలంటే అటు 225, మళ్లీ ఇటు 45, మొత్తం 270. 45 డిగ్రీల బ్యాంక్‌లో (పక్కకు వాలుతో) 68 నాట్ల దగ్గర దానికి 17 సెకన్లు, 325 అడుగుల ఎత్తు. ఏం జరిగిందో మెదడుకెక్కే నాలుగు సెకన్లు, చివర్లో రౌండవుట్ (దిగేముందు ముక్కు ఎత్తడం) కలిపితే 400 దాటుతుంది. ఇది చక్కగా తిప్పినవాడి లెక్క. భయంతో 60 డిగ్రీలకు లాగితే స్టాల్ వేగం 1.41 రెట్లు పెరుగుతుంది: ఫ్లాప్స్ లేకుండా మీటర్ మీద 48 నాట్లు కాస్తా 68 అవుతుంది. మీ గ్లైడ్ వేగం కూడా 68. ఈ రెండు అంకెలు కలిసే చోటే స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) మొదలవుతుంది, దాన్నుంచి తేరుకునే ఎత్తు ఉండదు. కాబట్టి ఈ విమానంతో, మన వేడిలో, నాలుగు సీట్లు నింపి ఎగిరేటప్పుడు వెయ్యి అడుగుల లోపు జవాబు ఒకటే: ముక్కు దించు, ఎదురుగా, అటూ ఇటూ 30 డిగ్రీల లోపు ఉన్నదాంట్లో మంచిది చూసుకో. ఫ్లాప్స్ పైనుంటే 70 నాట్లు, దించితే 65. రన్‌వే మధ్యలోంచి టేకాఫ్ ఇస్తామంటే వద్దని, చివరి నుంచే మొదలుపెట్టండి. బేగంపేటలా మూడు కిలోమీటర్లకు పైన ఉన్నచోట మొదటి వంద, రెండు వందల అడుగుల్లో ఆగినా ఇంకా ముందు రన్‌వేనే ఉంటుంది.

పూర్తిగా ఆగడం కంటే సగం ఆగడం ఎక్కువ మందిని చంపింది. ఆస్ట్రేలియా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ లెక్కల్లో 2000 నుంచి 2010 వరకు టేకాఫ్ తర్వాత పాక్షికంగా పవర్ పోయిన సంఘటనలు 242, వాటిలో 9 ప్రాణాలు తీసినవి. పూర్తిగా ఆగినవి 75, వాటిలో ప్రాణం పోయింది ఒక్కటీ లేదు. కారణం ఊహించవచ్చు. ఇంజిన్ చచ్చిపోతే నిర్ణయం తేలిక. 1,900 ఆర్‌పీఎంతో ఈడుస్తుంటే ఇంటికి చేరతానన్న ఆశ పుడుతుంది, ముక్కు ఎత్తుతారు, వేగం కరుగుతుంది, వెనక్కి తిప్పుతారు. దిగాల్సిన పొలం దాటిపోతుంది, రన్‌వే అందదు, రెంటికీ చెడ్డ రేవడి. గ్లైడ్ వేగం పట్టుకుని ఎత్తు నిలబడుతోందా అని చూడండి. నిలబడకపోతే ఆ ఇంజిన్ లేనట్టే లెక్క. నిలబడితే పొలాల మీదుగా, చిన్న బ్యాంకులతో.

ఏ పొలం? ఇది మాన్యువల్ రాసినవాళ్లు అమెరికాలోని కాన్సాస్ చూసి రాసిన చోటు, మన నేల వేరు. దమ్ము చేసిన వరిమడి పైనుంచి అద్దంలా చదునుగా కనిపిస్తుంది, కానీ ముక్కు చక్రం దిగబడగానే విమానం బోర్లా పడుతుంది. కోసిన వరిమడి నయం, గట్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి: వాటికి అడ్డంగా కాక పొడవునా దిగాలి. చాళ్లున్న పత్తి, మొక్కజొన్న చేలలోనూ చాళ్ల వెంటే. నల్లరేగడి వానకు బంక, ఎండకు నెర్రెలు. భీమవరం వైపు ఆక్వా చెరువుల మధ్య గట్లు రోడ్డులా ఊరిస్తాయి, ఏరేటర్ల కరెంటు తీగలు గట్టు వెంటే ఉంటాయి. వేసవిలో ఎండిన చెరువు శిఖం తెలంగాణలో దొరికే అత్యుత్తమ రన్‌వే, జేసీబీ మట్టి తవ్విన గుంతలు లేకపోతే. తీగలు కనపడవు, స్తంభాలు కనపడతాయి. రెండు స్తంభాలు చూస్తే మధ్యలో తీగ ఉందనే అనుకోవాలి, బోరు మోటారు గది కనిపిస్తే అక్కడికో లైను వచ్చిందనే. హైవే అనగానే ఆశ పడొద్దు: హోర్డింగులు, అడ్డ తీగలు, తప్పు దారిలో వచ్చే ఆటో.

ఫైనల్‌లో (దిగేముందు చివరి వరసలో) పొలం మొదటి మూడో వంతు దాటిన చోటుకి గురి పెట్టండి. ఎత్తు ఎక్కువైతే ఫ్లాప్స్‌తో, స్లిప్‌తో (పక్కకు జారుతూ దిగడం) తగ్గించవచ్చు, తక్కువైతే ఏమీ చేయలేం. ఎన్‌లో ఫ్లాప్స్ 40 డిగ్రీల దాకా దిగుతాయి, పి నుంచి 30కే ఆపేశారు. చిన్న పొలంలో దిగేటప్పుడు ఆ 40 విలువ తెలుస్తుంది, ఎన్‌కి నేను మనస్ఫూర్తిగా ఇచ్చే ఒకే ఒక్క మార్కు అది. ఎస్‌లో 20 దాటిన ఫ్లాప్స్‌తో నిటారు స్లిప్ వద్దని మాన్యువల్ మాట, ఎలివేటర్ (తోక దగ్గరి పలక) ఊగుతుంది. నేల దగ్గరపడ్డాక మిక్స్చర్ కటాఫ్, షటాఫ్ లాగడం, ఇగ్నిషన్ ఆఫ్. ఫ్లాప్స్ కరెంటువి, మాస్టర్ స్విచ్ (మొత్తం కరెంటు) ముందే ఆపితే అవి ఉన్నచోటే ఉండిపోతాయి. కాబట్టి ఫ్లాప్స్ మొత్తం దించాకే, దిగడం ఖాయమయ్యాకే మాస్టర్ ఆఫ్. తలుపులు గడియ తీసి ఉంచండి, ఫ్రేమ్ వంగితే తెరుచుకోవు. తోక కొంచెం కిందకి, మెయిన్ చక్రాలు ముందు, తర్వాత యోక్ (స్టీరింగ్) పొట్టకు ఆనేదాకా వెనక్కి, బ్రేకులు గట్టిగా.

సిరస్‌తో పోల్చకుండా వదలరు కాబట్టి: విమానం మొత్తాన్ని దించే దాని పారాషూట్ నిజంగా ప్రాణాలు కాపాడింది, కొండల మీదా రాత్రిపూటా దానికి ఎదురు లేదు. అయితే పదేళ్లకోసారి పారాషూట్ మార్పించాలి, ఆ ఖర్చు రూపాయల్లో లక్షలు. తొలి మోడల్స్‌కి సమతల ప్రయాణంలో 400 అడుగులు, తర్వాతి జీ5 మోడల్‌కి 561 అడుగులు పరీక్షలో కోల్పోయే ఎత్తు, ఆ కింద అదీ లేనట్టే. పగలు, చదును నేల మీద, ట్రైనింగ్‌కి 172 నాకు చాలు.

కొనేవాళ్లు, అద్దెకు తీసుకునేవాళ్లు రెండు చోట్ల మాత్రం బేరం ఆడకండి. ముందు సీట్లకు భుజం బెల్టులు అమెరికా నిబంధనల్లో తప్పనిసరైంది 1978 జులై తర్వాత తయారైన విమానాలకు, అంతకు ముందువాటిలో నడుం బెల్టు ఒక్కటే ఉండొచ్చు. 48 నాట్లకు దిగినా అప్పుడు తల ప్యానెల్‌కే తగులుతుంది. రెండోది సీటు రైలు. ఏడీ 2011-10-09 కింద ప్రతి వంద గంటలకు రైలు రంధ్రాల అరుగుదల, పిన్ను చూశారా అని లాగ్‌బుక్‌లో సంతకం వెతకండి. ఆ పిన్ను టేకాఫ్‌లో జారితే సీటు వెనక్కి పోతుంది, చేతిలో ఉన్న యోక్ కూడా దాంతోపాటే వస్తుంది, ఇంజిన్ చక్కగా తిరుగుతూనే ఉంటుంది.